కెనడా పీఆర్‌కి ‘కపుల్ మెడికల్ ప్యాకేజీ’ అమ్ముతున్నారు, జాగ్రత్త!

కెనడాలో శాశ్వత నివాసానికి (పీఆర్) ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఐటీఏ (దరఖాస్తు పెట్టుకోమనే ఆహ్వానం) వచ్చి కాయితాలు సర్దుకుంటున్న భార్యాభర్తలు ఇది చదివాకే మెడికల్‌కి (వైద్య పరీక్షకి) డబ్బు కట్టండి. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ మా తమ్ముడికీ మరదలికీ అంటగట్టిన ప్యాకేజీ గురించి రాస్తున్నాను.

2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీవాళ్లు అప్లికేషన్ పెట్టకముందే మెడికల్ చేయించుకోవాలి. ఇదివరకు అప్లికేషన్ వెళ్లాక ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) వాళ్లే లెటర్ పంపేవాళ్లు, అది పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లం. ఇప్పుడా లెటర్ లేదు. ఐటీఏ వచ్చాక గడువేమో 60 రోజులే. ఆ కంగారే ఇలాంటి కన్సల్టెన్సీలకి వ్యాపారం.

ఆ ప్యాకేజీ కింద ఒక కుర్రాడు పొద్దున్నే ఇంటికొచ్చి ఇద్దరి రక్తం తీసుకెళ్లాడు. తర్వాత వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. అందులో థైరాయిడ్, కొలెస్ట్రాల్, విటమిన్ డి. పాస్‌పోర్ట్ చూసినవాళ్లు లేరు, ఫొటో తీసినవాళ్లు లేరు, డాక్టరన్నవాడే కనబడలేదు. మరదలికి అనుమానమొచ్చి ఐఆర్‌సీసీ సైట్‌లో ప్యానెల్ డాక్టర్ల (ఈ మెడికల్ చేయడానికి ఐఆర్‌సీసీ గుర్తించిన డాక్టర్ల) జాబితా తీసి చూసింది. అందులో ఆ ల్యాబ్ ఊసే లేదు. అంటే కట్టిన డబ్బు నీళ్లపాలే. ప్యానెల్ డాక్టర్ తప్ప ఇంకెవరు చేసినా, మన ఫ్యామిలీ డాక్టర్ చేసినా సరే, ఆ మెడికల్ చెల్లదు.

అసలైన చోట పాస్‌పోర్ట్ చూసి, ఫొటో తీసి, పాత జబ్బులు, వాడే మందులు అడిగి, డాక్టర్ స్వయంగా పరీక్షిస్తారు. 15 ఏళ్లు నిండినవాళ్లకి రక్తంలో హెచ్‌ఐవీ, సిఫిలిస్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) చూస్తారు. 11 ఏళ్లు నిండితే ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. రిపోర్ట్ నేరుగా కెనడాకే వెళ్తుంది, మన చేతికి వచ్చేది మెడికల్ అయిందన్న షీటు మాత్రమే. అప్లికేషన్‌కి జత చేయాల్సింది అదే. ఫీజు క్లినిక్‌లోనే కట్టాలి. “పాస్ గ్యారంటీ” అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తుది నిర్ణయం ఐఆర్‌సీసీది, డాక్టర్‌ది కూడా కాదు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లుంటే పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి. మచ్చ కనబడితే కళ్లె పరీక్షలు అడుగుతారు, కళ్లెలో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిజల్ట్‌కే దాదాపు 8 వారాలు పడుతుంది.

ఇంతకంటే ఘోరం ఇంకొకటి. మరదలు గర్భిణి అని తెలియగానే ఆ కన్సల్టెంట్, “మేడమ్‌ని నాన్-అకంపెనీయింగ్ (వెంట రానివారు) అని పెట్టేద్దాం సార్, మెడికల్ గొడవుండదు, తర్వాత స్పాన్సర్ చేసుకోవచ్చు” అన్నాడట. నాకు ఒళ్లు మండిపోయింది. వెంట రాని భార్య అయినా, భర్త అయినా, పిల్లలైనా మెడికల్ చేయించుకోవాల్సిందే. ఇప్పుడు పరీక్ష తప్పించుకున్న మనిషిని రేపు ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యుల్ని పిలిపించుకునే వర్గంలో) స్పాన్సర్ చేయడానికి కెనడా నిబంధన 117(9)(డి) అడ్డుపడుతుంది. 2019లో కొన్ని కేసులకి సడలింపు తెచ్చారు, కానీ దాన్ని నమ్ముకుని కాపురాన్ని పణంగా పెడతామా? గర్భిణులకి దారి ఉంది. ఎక్స్‌రే ఒక్కటీ కాన్పు అయ్యేదాకా వాయిదా వేయించుకోవచ్చు. ఫైలు ఆలస్యమవుతుంది, అంతే. పుట్టిన బిడ్డ వివరాలు కూడా వెంటనే తెలియజేయాలి, బిడ్డకీ మెడికల్ ఉంటుంది.

కన్సల్టెంట్‌కి రూపాయి ఇచ్చేముందు అతని లైసెన్స్ నంబర్ అడిగి, కెనడా కన్సల్టెంట్ల కాలేజీ (వాళ్లకి లైసెన్సులిచ్చే సంస్థ) పబ్లిక్ రిజిస్టర్‌లో వెతకండి. మా తమ్ముడి కన్సల్టెంట్ బోర్డు మీద కెనడా జెండా ఉంది కానీ, రిజిస్టర్‌లో పేరు లేదు.

డబ్బు వెనక్కి అడిగితే బిల్లు చూపించమంటున్నారు. వాళ్లిచ్చిన కాయితం మీద ‘సర్వీస్ ఛార్జ్’ అని తప్ప మెడికల్ అన్న మాటే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం, వాట్సాప్ మెసేజ్‌లన్నీ దాచిపెట్టాం. ఇలాంటి ప్యాకేజీకి ఇప్పటికే కట్టేసినవాళ్లుంటే చాట్‌లు డిలీట్ చేయకండి, ముందు వెళ్లి ప్యానెల్ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.