ఎయిర్ రైఫిలా, ఎయిర్ పిస్టలా? పిల్లల చేతికి ముందు ఏది ఇవ్వాలి?

పారిస్ ఒలింపిక్స్ అప్పుడు మొదలైన ఫోన్లు ఇంకా ఆగలేదు. "అన్నా, మా వాడికి పన్నెండేళ్లు. షూటింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. రైఫిల్ కొనమంటారా, పిస్టల్ కొనమంటారా?" అడిగేవాళ్లలో చాలామంది హైదరాబాద్‌కి దూరంగా ఉండేవాళ్లే. ఖమ్మం నుంచి అడుగుతారు, ఒంగోలు నుంచి అడుగుతారు, అనంతపురం నుంచీ అడుగుతారు. ఇన్నాళ్లూ ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పాను. ఇప్పుడు మా ఇంట్లోనే ఆ ప్రశ్న తేలింది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. మా అబ్బాయి నాలుగేళ్లు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చేశాడు. ఈ జూన్‌లో మా అమ్మాయికి పిస్టల్ కొన్నాం. మేముండేది హన్మకొండ దాటాక ఒక చిన్న టౌన్. మేం వెళ్లే రేంజ్, అంటే షూటింగ్ ప్రాక్టీస్ చేసే చోటు, హైదరాబాద్‌లో. అంటే వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే. ఈ సంగతి గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి, ఎందుకంటే నా నిర్ణయం అంతా దాని చుట్టూనే తిరిగింది.

లైసెన్స్ విషయంలో రెండింటికీ తేడా లేదు. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే మ్యాచ్ రైఫిల్ శక్తి 7 జౌళ్ల చుట్టుపక్కలే, పిస్టల్‌ది ఇంకా తక్కువ. ధర కూడా ముందు అనుకున్నంత తేడా కాదు. వాల్తర్, స్టైర్, ఫైన్‌వెర్క్‌బావ్, మోరిని లాంటి మ్యాచ్ గన్ కొత్తది ఏదైనా లక్షన్నర దాటుతుంది. రైఫిల్ అయితే ఇంకా పైకి పోతుంది. అసలు తేడా గన్‌లో లేదు, గన్‌తో పాటు వచ్చేవాటిలో ఉంది.

రైఫిల్ గురించి మంచి మాటే ముందు చెప్తాను. మొదటి ఏడాది అది పిల్లల్ని నిరుత్సాహపరచదు. బరువంతా ఎముకలు మోస్తాయి. ఎడమ మోచెయ్యి తుంటి మీద ఆనుతుంది, జాకెట్ నడుముకు ఆసరా ఇస్తుంది, గురి చూసే గుండ్రటి సైట్ మధ్యలో టార్గెట్ మీది గుండ్రటి నలుపు కుదిరితే చాలు. టార్గెట్ మీద 10 అంటే అర మిల్లీమీటరు చుక్క. అయినా ఆరు నెలలు సరిగ్గా నేర్పితే పిల్లలు 9లు, 10లు కొట్టడం మొదలుపెడతారు. మార్కులు వారం వారం పెరుగుతుంటే ఇంట్లో అందరికీ హుషారు. పిస్టల్‌లో 10 వలయం 11.5 మిల్లీమీటర్లు, అడ్డంగా కొలిస్తే రైఫిల్ చుక్కకి 23 రెట్లు. అంత పెద్దది పెట్టినా చాలామంది పిల్లలు మొదటి ఏడాదంతా 7కీ 8కీ మధ్యే ఉండిపోతారు. ఆ ఏడాది తట్టుకోలేక మానేసినవాళ్లని నేను చూశాను.

మన వాళ్ల చరిత్ర కూడా రైఫిల్ వైపు బలంగానే ఉంది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం ఎయిర్ రైఫిల్‌లోనే. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడు. ఆయన అకాడమీలో నేర్చుకున్న మన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో (వినికిడి లోపం ఉన్నవాళ్ల ఒలింపిక్స్) రైఫిల్‌తోనే స్వర్ణం గెలిచాడు. మా అబ్బాయికి రైఫిల్ ఇప్పించింది ఈ పేర్లే.

ఇక జాకెట్ సంగతి. రైఫిల్ షూటర్ వేసుకునే కాన్వాస్ జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ అన్నీ ఒంటికి కొలతగా ఉండాలి. మరీ బిగుతుగా ఉంటే రూలు ఒప్పుకోదు. గుండీలు పెట్టాక ముందు అంచును ఇంకో 7 సెంటీమీటర్లు మీదకి లాగగలగాలి. బట్ట గట్టిదనం కొలిచే మిషన్ ఉంటుంది, దాని కింద గుడ్డ 3 మిల్లీమీటర్లయినా లొంగాలి. ఒకసారి పోటీకి వెళ్లాం. మా వాడికి ఆ వేసవి సెలవుల్లో ఒక్కసారిగా ఛాతీ వెడల్పయింది. చెకింగ్ టేబుల్ దగ్గర జాకెట్ లాగితే 7 సెంటీమీటర్లు రాలేదు. వాడి రిలే (పోటీలో వాడి బ్యాచ్ వంతు) మొదలవడానికి నలభై నిమిషాలు కూడా లేదు. నేను జాకెట్ భుజాన వేసుకుని రోడ్డు మీదకి పరుగెత్తాను. చెప్పులు కుట్టే ఆయన ఒకరు బస్టాప్ దగ్గర కూర్చుని ఉన్నారు. మామూలు సూది దిగని ఆ బట్టకి ఆయన తోలు కుట్టే దారంతో ఐదు గుండీలూ అంచుకి జరిపి కుట్టిచ్చారు. టెస్ట్ పాసయింది. కానీ ఒంటి మీద జాకెట్ కూర్చునే తీరు మారిపోయింది. నెలల తరబడి కుదుర్చుకున్న నిలబడే పద్ధతి ఆ రోజు చెదిరింది, పెల్లెట్లన్నీ (ఎయిర్‌గన్ గుళ్లు) కిందకి, ఎడమకి గుంపుగా పడ్డాయి. వాడు బయటకి వచ్చి ఏడ్చాడు. నాలుగేళ్లలో మూడు జాకెట్లు మార్చాం. పన్నెండు నుంచి పదహారు దాకా పిల్లలు ఎంత ఎదుగుతారో మీకు తెలుసు. ఎదిగిన ప్రతిసారీ డబ్బు ఒక్కటే కాదు, కుదిరిన పొజిషన్ కూడా పోతుంది.

పిస్టల్‌లో ఎదిగే పిల్లలకి మార్చాల్సింది గ్రిప్, అంటే పట్టుకునే పిడి, ఒక్కటే. చెక్క గ్రిప్ చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా దొరుకుతుంది. చెయ్యి పెరిగితే లోపల రాపిడి కాగితంతో అరగదీస్తాం, వదులైన చోట ఉడ్ పుట్టీ పెడతాం. పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని, మామూలు కళ్లద్దాలతో నిలబడి మిక్స్‌డ్ టీమ్‌లో రజతం గెలిచిన ఫొటో అందరూ చూశారు కదా. అది చూసి చాలామంది పిస్టల్ తేలిక అనుకున్నారు. తేలిక కాదు. ఆ చెయ్యి అలా నిలబడడం వెనక ఎన్నో ఏళ్ల సాధన ఉంది.

కష్టం ఎక్కడుందో చిన్న లెక్కలో తెలుస్తుంది. పిస్టల్ మీద ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం రమారమి 32 సెంటీమీటర్లు. మణికట్టు రవ్వంత వంగి ఫ్రంట్ సైట్ 1 మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 10 మీటర్ల అవతల పెల్లెట్ దాదాపు 31 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. 10 పడాల్సింది 7కో 6కో వెళ్తుంది. అదే, సైట్లు రెండూ తిన్నగా ఉండి చెయ్యి మొత్తం 1 మిల్లీమీటరు ఊగితే టార్గెట్ మీద తేడా కూడా 1 మిల్లీమీటరే, 10 ఎక్కడికీ పోదు. పిల్లలు చెయ్యి ఊగుతోందని కంగారుపడి, నలుపు మధ్యకి రాగానే ట్రిగ్గర్ లాగేస్తారు. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలని రూలు. రైఫిల్ ట్రిగ్గర్‌లా తాకితే పేలేది కాదు. దాన్ని ఒక్కసారి గుంజితే మణికట్టు వంగుతుంది, పైన చెప్పిన 31 మిల్లీమీటర్లు అక్కడే వస్తాయి.

అంటే పిస్టల్‌లో నేర్చుకోవాల్సిన అసలు పని టార్గెట్ మీద చూపు పెట్టడం కాదు. సైట్లు కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. దానికి టార్గెట్ అక్కర్లేదు, 10 మీటర్లు అక్కర్లేదు, రేంజ్ అంతకన్నా అక్కర్లేదు. పెల్లెట్ వెయ్యకుండా తెల్ల గోడ ముందు నిలబడి నొక్కితే చాలు, దీన్నే డ్రై ప్రాక్టీస్ అంటారు. మా అమ్మాయికి పిస్టల్ కొనడానికి నాకు కనిపించిన పెద్ద కారణం ఇదే.

సాయంత్రం ఏడు గంటలకి హాల్లో సోఫా పక్కకి జరుపుతాం. కర్టెన్లు వేస్తాం. అమ్మాయి గోడకి రెండు మీటర్ల దూరంలో నిలబడుతుంది. చెయ్యి లేపుతుంది, ఊపిరి సగం వదులుతుంది, టిక్‌మని ట్రిగ్గర్ పడుతుంది. ఫ్రంట్ సైట్ కదలకపోతే "ఉంది" అంటుంది, కదిలితే "పోయింది" అంటుంది. నేను పక్కన కూర్చుని నోట్‌బుక్‌లో గీతలు పెడతాను. మొదటి వారం నలభైలో పదకొండు "ఉంది"లు. ఇప్పుడు ముప్పై దాటుతోంది. మొత్తం ఇరవై ఐదు నిమిషాల పని. తర్వాత హోంవర్క్ చేసుకుంటుంది. ఆదివారం రేంజ్‌కి వెళ్లినప్పుడు ఆ వారం ఎలా గడిచిందో టార్గెట్ చెప్పేస్తుంది.

రైఫిల్‌తో డ్రై ప్రాక్టీస్ చెయ్యరా అంటే చేస్తారు, చెయ్యాలి కూడా. కానీ ఆ సరంజామా అంతా తొడుక్కోవడానికే ఇరవై నిమిషాలు. జాకెట్ లేకుండా చేస్తే ఒళ్లు వేరే పొజిషన్ నేర్చుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ఇంట్లో ఆ కాన్వాస్ వేసుకుని నిలబడమని పిల్లాడికి రోజూ చెప్పగలరా? మా వాడు వారానికి రెండు రోజులు చేసేవాడు, పరీక్షలు వస్తే అదీ లేదు. తప్పు వాడిది కాదు.

ఇషా సింగ్ సంగతే చూడండి. హైదరాబాద్ అమ్మాయి, 2018లో పదమూడేళ్లకే అప్పటికే పేరున్న పిస్టల్ షూటర్లు మను భాకర్‌ని, హీనా సిద్ధుని దాటి జాతీయ చాంపియన్ అయింది. వాళ్ల నాన్న ఇంట్లోనే పేపర్ టార్గెట్లతో రేంజ్ ఏర్పాటు చేశారు. ఆ తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు, 2025లో నింగ్బో ప్రపంచ కప్‌లో ఎయిర్ పిస్టల్ స్వర్ణం. అందరం ఇంట్లో రేంజ్ కట్టలేం. గోడ మాత్రం అందరి ఇంట్లోనూ ఉంది.

ఇంట్లో ప్రాక్టీస్‌కి మేం పెట్టుకున్న నియమాలు కూడా చెప్తాను, వీటిలో మాత్రం రాజీ వద్దు. పెల్లెట్ డబ్బా ఆ గదిలో ఉండకూడదు, మా ఇంట్లో వంటింటి పై అరలో ఉంటుంది. మొదలుపెట్టే ముందు బ్రీచ్ (పెల్లెట్ పెట్టే చోటు) తెరిచి నేను చూస్తాను, తను చూస్తుంది. గోడ అవతల మనుషులు తిరిగే చోటైతే ఆ గోడ వద్దు. పెద్దవాళ్లు పక్కన లేకుండా పెట్టె తెరవకూడదు. పని అయిపోగానే పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. రోడ్డు మీద, బస్సులో పెట్టె బయటకి తియ్యనే కూడదు. చూసేవాళ్లకి అది బొమ్మో, ఎయిర్‌గన్నో, నిజం తుపాకో తెలియదు.

ఒంటి మాట కూడా ఉంది. రైఫిల్ పొజిషన్‌లో వెన్ను వెనక్కీ పక్కకీ వంగి ఉంటుంది, 5 కిలోల దాకా బరువు దాని మీద. ఎదిగే వయసులో నడుం వ్యాయామాలు తప్పనిసరి. పిస్టల్ కిలో చుట్టుపక్కల ఉంటుంది, భారమంతా ఒకే భుజం మీద. అందుకే మా అమ్మాయి రెండో చేత్తో కూడా అర లీటరు నీళ్ల సీసా చాచి పట్టుకుంటుంది, నిమిషం చొప్పున. పదకొండేళ్లు నిండకుండా పిస్టల్ ఇవ్వకండి, మణికట్టు ఓర్వదు.

మరి రైఫిల్ ఎవరికి? రేంజ్ దగ్గర్లో ఉండి వారంలో నాలుగు రోజులు వెళ్లగలిగితే, పిల్లాడి ఎదుగుదల చాలావరకు అయిపోయి పదహారు దాటితే, ఒకే పనిని ఓపిగ్గా వందసార్లు ఒకేలా చేసే స్వభావమైతే, సందేహం లేకుండా రైఫిల్. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నా సలహా సగం మారుతుంది. పిల్లలకే రైఫిల్ మీద మనసుంటే వాళ్ల మాటే వినండి. క్లబ్ గన్‌తో రెండూ ఒక నెల చేయించి చూడకుండా ఏదీ కొనకండి.

మిగతావి క్లుప్తంగా. స్కూల్ పోటీల్లో ఓపెన్ సైట్ (గుండ్రటి రంధ్రం లేని మామూలు సైట్) ఎయిర్ రైఫిల్ ఉంటుంది, ఖర్చు తక్కువ, సరదాగా మొదలుపెట్టడానికి బాగుంటుంది. .22కి, అంటే గాలితో కాకుండా మందుగుండు తూటాతో పేలే గన్‌కి, లైసెన్స్, క్లబ్ వ్యవహారం ఉంటుంది కాబట్టి తర్వాత చూద్దాం. ఎన్‌సీసీలో ఉన్న పిల్లలకి దాని రుచి అక్కడే దొరుకుతుంది. ఇంటి రక్షణకి ఎయిర్‌గన్ పనికొస్తుందా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: పనికిరాదు. దొంగని ఆపే శక్తి దానికి లేదు, చూపించి బెదిరిస్తే ఎదుటివాడి దగ్గర ఉన్నది నిజం ఆయుధం కావచ్చు. తలుపు గడియ గట్టిది వేయించుకోండి, 112 నంబరు ఇంట్లో అందరికీ నేర్పండి.

పిస్టల్ అని తేల్చుకున్నవాళ్లు సెకండ్ హ్యాండ్‌కి భయపడక్కర్లేదు. మాదీ సెకండ్ హ్యాండే. మూడు చూసుకోండి. గ్రిప్ మీ పిల్లల చేతికి సరిపోతుందా, లేకపోతే ఆ మోడల్‌కి చిన్న గ్రిప్ దొరుకుతుందా. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్ మోడ్ సరిగ్గా పనిచేస్తోందా. అన్నిటికన్నా ముందు గన్‌కి ఉండే గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ. 200 బార్ల గాలి నింపే వస్తువు అది, కంపెనీలు సాధారణంగా 10 ఏళ్ల గడువు ఇస్తాయి. మాకు అమ్మినాయన గన్ బాగా చూసుకున్నారు గానీ సిలిండర్‌కి ఎనిమిది నెలలే మిగిలి ఉంది. కొత్త సిలిండర్‌కి అయ్యే ధరని గన్ ధరలోంచి తగ్గించుకుని తీసుకున్నాం.