గుంటూరు మిర్చి ధరలు చూపే ఒక ఉచిత సైటు

గుంటూరు మిర్చి యార్డు ధరలను ఏ రోజుకారోజు తెలుగులో, పైసా అడగకుండా అందించే ఒక సైటును ఈ సీజనంతా వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున పేరు రాయడం లేదు.

ధరల విషయంలో దీనికి వంక పెట్టలేము. తేజ, 341, బాడిగ రకాలు, తాలు (రంగు పోయిన నాసి కాయ) వేటికవే విడివిడిగా, క్వింటాకు కనిష్ఠ, గరిష్ఠ ధరలతో ఉంటాయి. కోల్డ్ స్టోరేజీ సరుకును కొత్త కాయతో కలపరు. యార్డుకు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయో కూడా ఇస్తారు.

ప్రకటనలు ఎక్కువని చాలామంది విసుక్కుంటారు. అవి ఉండడంపై నాకు ఫిర్యాదు లేదు. పొద్దున్నే యార్డులో తిరిగి ధరలు సేకరించే మనిషికి జీతం ఇవ్వాలి, డొమైన్‌కు, అంటే సైటు చిరునామాకు ఏటా, సర్వరుకు నెలనెలా కట్టాలి. పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చూసేవాళ్లు పెరిగేకొద్దీ సర్వరు ఖర్చూ పెరుగుతుంది. నెలకు ముప్పై రూపాయలు చందా పెట్టినా, కౌలు రైతు సైటు మానేసి కమిషన్ వ్యాపారికే ఫోన్ చేసి అడుగుతాడు. అప్పుడు ధర ఎవరికి అందరికన్నా అవసరమో వాళ్లకే అది దూరమవుతుంది. అందుకే ఆ ఖర్చు ప్రకటనదారు మీద వేయక తప్పదు.

ఆ రాబడి మాత్రం మనం ఊహించుకునేంత ఉండదు. సైట్లలో ప్రకటనలు చూపించి సైటువారికి డబ్బిచ్చే యాడ్‌సెన్స్ సేవను గూగుల్ 2003లో మొదలుపెట్టింది, అది 2018లో తెలుగు పేజీలకు వచ్చింది. పేజీ తెరిచిన క్షణంలోనే అందులోని ప్రకటన స్థలం కోసం ప్రకటనదారుల మధ్య వేలం జరుగుతుంది. గెలిచినవారు ఇచ్చే సొమ్ములో గూగుల్ వాటా పోగా మిగిలినది సైటువారి ఖాతాలో చేరి, 100 డాలర్లు దాటితేనే చేతికి వస్తుంది. తెలుగు పేజీలకు ఇంగ్లీషు పేజీలంత రేటు పలకదు కనుక, ఇంకొక ప్రకటన పెడదామనే ఆశ సహజం.

చిక్కంతా అక్కడే వచ్చింది. తేజ వరుసకూ బాడిగ వరుసకూ నడుమ ఒక ప్రకటన ఆలస్యంగా తెరుచుకుని పట్టికను కిందికి నెట్టేస్తుంది. బాడిగ ధర మీద పెట్టబోయిన వేలు ప్రకటన మీద పడుతుంది. ఇలా పొరపాటున పడే క్లిక్కుల వల్ల ప్రకటనదారుకు డబ్బు దండగ. వాటిని చెల్లనివిగా లెక్కగట్టి గూగుల్ కోత వేయవచ్చు, ఖాతానే ఆపివేయవచ్చు. ఆ ప్రకటనకు కావలసిన చోటును ముందే ఖాళీగా ఉంచితే పట్టిక కదలదు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టింది నల్ల తామర పురుగుపై వచ్చిన వ్యాసం. సలహాలాగే మొదలై, చివరికి ఒకే కంపెనీ మందు కొనమంటుంది. అది డబ్బు తీసుకుని వేసినదైతే 'ప్రకటన' అనే మాట పైన ఉండాలి, కానీ ఎక్కడా లేదు. 2021లో ఆ పురుగు దెబ్బకు తోటలు పీకేసిన రైతులు చదివే పేజీ అది. ఎకరానికి మందుల ఖర్చు ఎంతవుతుందో తెలిసినవారెవరూ దీన్ని చిన్న విషయమనుకోరు.

స్థానిక నర్సరీలకు, కోల్డ్ స్టోరేజీలకు, డ్రిప్ పరికరాలవారికి నెలవారీ రేటుకు స్థలం నేరుగా అమ్ముకుంటే, తక్కువ ప్రకటనలతోనే ఖర్చులు గడవవచ్చని నా అభిప్రాయం. ప్రస్తుతానికి ధరల కోసం ఈ సైటును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పిచికారీ విషయంలో మాత్రం, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో రైతు సేవా కేంద్రంలోనో అడగకుండా ఇందులో చదివిన మందు కొనవద్దు.