ఫిల్టర్‌కి ఏ ప్లాస్టిక్ డబ్బా మంచిది? ఏళ్ల తరబడి వాడాక

అక్వేరియం కింద సంప్‌గా (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రపడి మళ్లీ పైకి వెళ్లే తొట్టి) 5వ నంబర్ స్టోరేజ్ డబ్బా, పక్క ట్యాంకుకి 2వ నంబర్ బకెట్‌తో చేసిన ఫిల్టర్. రెండూ ఏళ్లుగా నడుస్తున్నాయి. నీళ్లలో ఏ చిన్న తేడా వచ్చినా ముందు తట్టుకోలేనివి రొయ్యలే. అవి కూడా హాయిగా పిల్లల్ని పెడుతున్నాయి కాబట్టి ప్లాస్టిక్ విషయంలో నాకు టెన్షన్ లేదు.

నంబర్ అంటే డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె. 5 పాలీప్రొపిలీన్, 2 హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్). వీటిలో మెత్తదనం కోసం థాలేట్లనే రసాయనాలు కలపాల్సిన అవసరం ఉండదు. 3 అంటే పీవీసీ. తాగునీటి గట్టి పైపులు పర్వాలేదు గానీ, వాసన గుప్పుమనే మెత్తటి పీవీసీ గొట్టాలూ షీట్లూ నేను దగ్గరికి రానివ్వను. అంకె కనిపించకపోతే అంచు నుంచి చిన్న ముక్క కోసి నీళ్లలో ముంచి వదలండి. 2, 5 తేలతాయి; పీవీసీ, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) మునుగుతాయి.

అయితే ఆ అంకె రీసైక్లింగ్‌లో వేరు చేయడానికి పెట్టింది, భద్రతకి హామీ కాదు. ఆహారానికి వాడొచ్చని చెప్పే గ్లాసు, ఫోర్కు బొమ్మ కూడా ఉంటే నయం. అంతకంటే ముఖ్యం, అందులో ఇంతకుముందు ఏముండేదన్నది. పురుగుమందు, పెయింటు, ఫినాయిల్ డబ్బాలు ఎంత కడిగినా వద్దు. ఈ ప్లాస్టిక్ కొన్ని రసాయనాలను లోపలికి పీల్చుకుని, తర్వాత మెల్లగా వదులుతుంది. కొత్త డబ్బానైనా సబ్బుతో కాకుండా ఉత్త నీళ్లతోనే కడుగుతాను.

అసలు ఇబ్బంది విషంతో కాదు, బరువుతో. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు. పల్చటి స్టోరేజ్ డబ్బా గోడలు వారం తిరిగేసరికి మధ్యలో ఉబ్బాయి. చుట్టూ చెక్క ఫ్రేమ్ బిగించాక ఆగింది. నిండా నింపను కూడా. కరెంటు పోతే పై ట్యాంకులోంచి దిగే నీళ్లకి చోటుండాలి కదా. గుండ్రటి బకెట్‌తో ఈ బాధ లేదు, ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పడుతుంది.

ఇంకో సంగతి, ఈ రెండు ప్లాస్టిక్‌ల మీద సిలికాన్ జిగురు అంటుకోదు. ఎండాక గోటితో లాగితే పొరలా ఊడి వస్తుంది. అందుకే సంప్‌లో అడ్డగోడలు అతికించకుండా, లోపల చిన్న డబ్బాలు పెట్టి వాటిలో స్పాంజ్, సిరామిక్ రింగులు సర్దాను. పైపు కోసం హోల్ సాతో (డ్రిల్‌కి తగిలించే గుండ్రటి రంపం) నెమ్మదిగా రంధ్రం చేసి, అంచు నున్నగా గీకి, రబ్బరు వాషర్ ఉన్న ట్యాంక్ కనెక్టర్ బిగించాను. మరీ గట్టిగా తిప్పితే రంధ్రం చుట్టూ పగుళ్లొస్తాయి. బకెట్ గోడ వంపుగా ఉంటుంది కాబట్టి వాషర్ సరిగా కూర్చోదు. దానికి రంధ్రం పెట్టకుండా పైపులు పైనుంచే దించాను.

పారదర్శక డబ్బాలో వెలుతురు పడి నాచు పట్టింది, బయట నల్ల కాగితం చుట్టాల్సి వచ్చింది. ఎండ తగిలే చోటైతే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కూడా. మూత క్లిప్పులు అన్నిటికంటే ముందే విరిగాయి, పట్టించుకోలేదు. అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి కాబట్టి ఎలాగూ మూత వదులుగానే ఉంచాలి.