పాత పికప్ బేరానికి వెళ్తున్నారా? "బ్యాటరీ కొత్తదే" అన్న మాట దగ్గర ఆగండి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి ఆంధ్రాలోని పార్వతీపురం, పాలకొండ, పలాస వైపు చేతులు మారే పాత పికప్‌లతో జాగ్రత్త. బేరం నాడు బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది. కొన్న కొన్నాళ్లకు సంతకు సరుకేసుకుని వెళ్తుంటే దారిలో ఉన్నట్టుండి మొత్తం కరెంటు పోతుంది. మీటరు దగ్గర ఒక్క దీపం ఉండదు, తాళం తిప్పితే టిక్కుమన్న చప్పుడు కూడా రాదు. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మేం ఇచ్చినప్పుడు బాగానే ఉంది కదన్నా" అంటాడు. షాపుకి తోయించుకెళ్తే ముందు బ్యాటరీ మార్పిస్తారు, తర్వాత డైనమో, ఆపైన సెల్ఫ్ మోటారు. ఇంత పోశాక కూడా ఘాటీలో బండి మళ్లీ ఆగుతుంది. ఎందుకంటే చాలాసార్లు జబ్బు ఆ మూడింటిలో దేంట్లోనూ ఉండదు.

అమ్మేవాళ్లు దాచేవి ముఖ్యంగా మూడు. మొదటిది మెయిన్ ఫ్యూజు. బ్యాటరీ ప్లస్ నుంచి బండి మొత్తానికి కరెంటు పోయే దారిలో ముందు ఉండేది ఇదే. బండిని బట్టి 60, 80, 100 ఆంపియర్లది బోల్టులతో బిగించి ఉంటుంది. కొన్ని పాత బండ్లలో దీని బదులు ఫ్యూజబుల్ లింకు అనే వైరుముక్క ఉంటుంది. అది లోపల కరిగిపోయినా పైతొడుగు చెక్కుచెదరదు, చూపుకి దొరకదు. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. రబ్బరులా సాగితే లోపల తీగ తెగినట్టే. ఇది పోయిన బండికి ఇంటి కరెంటు వైరుముక్క మెలిపెట్టి "డైరెక్ట్" కొట్టి అమ్మేస్తుంటారు. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో షార్టు ఉందన్నమాట. ఆ షార్టు అలాగే ఉంచి వైరు చుడితే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్ కిట్ మొత్తం. సరుకుతో సహా బండి అంటుకోవచ్చు.

రెండోది కొత్త బ్యాటరీ. రాత్రిపూట ఎక్కడో కరెంటు కారిపోతుంటే కొత్త బ్యాటరీ ఆ సంగతిని కొన్నాళ్లు కప్పిపెడుతుంది. 80 ఆంపియర్-అవర్ బ్యాటరీని ఒక్క ఆంపియర్ లీకు నిలిపి ఉంచిన మూడు రోజుల్లో దాదాపు ఖాళీ చేసేస్తుంది. మూడోది ఇంకా తెలివైన పని. బండి నిలిపినప్పుడు బ్యాటరీని విడదీసి లీకును కనబడనివ్వని, ఎర్ర తాళం ఉన్న కట్-ఆఫ్ స్విచ్‌ను బ్యాటరీ దగ్గర పెట్టి "దొంగల భయానికి పెట్టించాం" అంటారు. నిజంగా దొంగల భయానికి పెట్టించేవాళ్లూ లేకపోలేదు. కానీ పాత పికప్‌లో అది కనబడితే లీకు ఉందనే అనుమానంతో చూడండి.

బోనెట్ ఎత్తగానే చూడాల్సినవి ఇవి. పాత వైరింగ్ మీద కొత్త నల్ల టేపు ఎక్కడెక్కడ చుట్టారో చూడండి. ఫ్యూజ్ బాక్స్ మూత లేకపోయినా, 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిన చోట 30 గుచ్చినా, సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టినా బేరంలో దిగొద్దు. బ్యాటరీ క్లాంపు వదులైతే మేకు గానీ రేకుముక్క గానీ దూర్చి బిగించడం మన ప్రాంతంలో అలవాటు. అదొక్కటి చాలు దారిలో బండి చచ్చిపోవడానికి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లారాక మళ్లీ కొట్టించండి.

ఇప్పుడు అసలు సంగతి. మొత్తం కరెంటు పోయిన బండి దగ్గర ఏ సామాను కొననక్కర్లేకుండా జబ్బు పట్టుకునే పద్ధతి ఉంది. చేతిలో వోల్టులు, ఆంపియర్లు కొలిచే ఒక మామూలు మల్టీమీటరు, రెండు వైర్లు అతికించిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఉంటే చాలు.

తాళం లేకుండా పనిచేసే హజార్డ్ లైట్లు, క్యాబిన్ లైటు ముందు వేసి చూడండి. అవి వెలిగి తాళం తిప్పితే మాత్రం ఏదీ రాకపోతే బ్యాటరీని ముట్టుకోవద్దు, తాళం స్విచ్ వెనక కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పి చూడండి. 60/55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు తీసి, స్విచ్ మీద భారం పడకుండా కరెంటు మోసే రిలే లేకుండా 100/90 వేసిన బండ్లలో కరెంటు 10 ఆంపియర్ల నుంచి 17 దాకా పెరుగుతుంది. ఆ భారం మోసే స్విచ్‌లూ కప్లర్లూ గోధుమరంగుకి మాడి కరిగిపోతాయి. హజార్డ్ లైట్లూ క్యాబిన్ లైటూ కూడా వెలగకపోతే లోపం చాలావరకు బ్యాటరీ నుంచి మెయిన్ ఫ్యూజు మధ్యలో గానీ, ఎర్తు (కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి)లో గానీ ఉంటుంది.

మల్టీమీటరు వైర్ల కొసన ఉండే ముల్లులు క్లాంపుల మీద కాదు, బ్యాటరీ సీసపు పోస్టుల మీదే నేరుగా పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండా ఛార్జి ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8 కిందకి వచ్చిందంటే ఖాళీ. హెడ్‌లైటు స్విచ్ వేసినా పడిపోకుండా 12.6 చూపిస్తూ బండి చచ్చి ఉంటే కొత్త బ్యాటరీ కొనమన్న షాపు నుంచి లేచి వచ్చేయండి. తర్వాత హెడ్‌లైటు స్విచ్ వేసి ఉంచి ఒక ముల్లు పోస్టు మీద, రెండోది దాని క్లాంపు మీద పెట్టండి. సున్నాకి దగ్గరగా రావాలి. వోల్టులు కనబడితే ఆ రెంటి మధ్య చిలుము పట్టింది. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, బిగించాక పైన వాసెలిన్ రాయండి. బిగించక ముందు రాయకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

లైట్లు బాగానే వెలుగుతూ, సెల్ఫ్ కొట్టగానే ఒక టిక్కు వినిపించి అన్నీ ఆరిపోయి, కాసేపటికి వాటంతట అవే వచ్చే బండి ఉంటుంది. షాపువాళ్లకి ఇది డైనమోలా కనబడుతుంది. చాలాసార్లు అది వదులు అతుకు. దీపాలకు చాలే కొద్దిపాటి కరెంటు ఆ సన్న అతుకు గుండా పోతుంది, డీజిల్ సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లు పోలేవు.

ఎర్తు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. మైనస్ నుంచి ఛాసీకి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి దారి ఉండాలి. గేర్‌బాక్స్ దించి ఎక్కించినప్పుడు ఇంజిన్ ఎర్తు పట్టీ బిగించడం మరిచిపోతారు. అప్పుడు సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ పట్టుకుని వెళ్తుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ కాలితే ఇక వెతకనక్కర్లేదు. లేదంటే ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మైనస్ పోస్టుకీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య కొలవండి. 0.2 వోల్టు దాటకూడదు. ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా 0.5 దాటకూడదు. దాటితే కేబుల్ మార్చాలి. 35 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి కేబుల్ తీసుకుని దాని కొసకు బోల్టు దూరే లగ్‌ను క్రింపింగ్ మెషీన్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టించొద్దు. వెల్డింగ్ కేబుల్ పెట్టినా పనికొస్తుంది, కానీ లోపల రాగి పూత పూసిన అల్యూమినియం కాకుండా గీకి చూసుకోండి.

మెయిన్ ఫ్యూజు పోయి ఉంటే కొత్తది వేయడానికి ముందు దాని రెండు బోల్టుల మధ్య ఆ 21 వాట్ల బల్బు కట్టండి. దాని గుండా రెండు ఆంపియర్లు కూడా పోవు కాబట్టి ఏదీ కాలదు. అన్ని స్విచ్‌లూ ఆపి, తాళం తీసి ఉన్నా బల్బు నిండుగా వెలిగితే షార్టు ఉంది. బ్యాటరీ మైనస్ విప్పి డైనమో వెనక లావుపాటి వైరు తీసి, దాని కొసకు టేపు చుట్టి, మైనస్ మళ్లీ తగిలించండి. బల్బు ఆరితే డైనమో డయోడ్లు పోయాయి. ఆరకపోతే కప్లర్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ పోండి. ఏది తీస్తే ఆరుతుందో అందులోనే ఉంది. లోడ్ బాడీకి వెల్డింగ్ చేసిన బండైతే ముందు ఛాసీ వెంబడి వెనక్కి పోయే వైర్లు చూడండి. బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ కొడితే అక్కడే మాడుతుంది.

డైనమో బాగుందో లేదో చూడ్డానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. పీకనివ్వద్దు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి, కంప్యూటరుతో డీజిల్ కొట్టే కామన్ రైల్ బండైతే ఆ కంప్యూటరు (ఈసీయూ) పోవచ్చు. రేసు కొంచెం పెంచి బ్యాటరీ మీద కొలిస్తే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి, అంతే. అలాగే సాలూరు-సుంకి ఘాటీలో ఆగిపోతే లారీ బ్యాటరీ నుంచి వైర్లతో కరెంటు (జంప్) తీసుకునేటప్పుడు చూసుకోండి. పెద్ద లారీలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. పికప్‌కి 12 వోల్టులే కాబట్టి ఒక్క బ్యాటరీ మీంచే తీసుకోవాలి. ఇంకో మాట. చాలా డీజిల్ పికప్‌లలో బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే వాక్యూమ్ పంపు డైనమోకే ఉంటుంది. బెల్టు తెగితే ఛార్జింగుతో పాటు బ్రేకు కూడా రాయిలా గట్టిపడుతుంది. దిగుడులో బ్యాటరీ దీపం వెలిగితే వెంటనే చిన్న గేరులోకి దించి బండి పక్కకి తీయండి.

వరద నీళ్లలో మునిగిన బండ్లకు ఈ జబ్బు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం ఉద్దానాన్నీ ఒడిశా గజపతి జిల్లానీ ముంచింది. సీటు బెల్టు చివరిదాకా లాగి మట్టిచార ఉందేమో, ఫ్యూజ్ బాక్స్ కాళ్లకు పచ్చ చిలుము ఉందేమో చూడండి. ఉంటే ఎంత చవకైనా వద్దు.

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఒడిశా బండ్ల నంబర్ల మొదట్లో 2012లో ఓఆర్ పోయి ఓడీ వచ్చింది. కాబట్టి ఓఆర్ నంబరు బండిని "పదేళ్ల లోపుది" అంటే నవ్వి ఊరుకోండి. ఆంధ్రాకి మార్చుకోవాలంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, అది చేతికి రాకుండా మొత్తం డబ్బు ఇవ్వొద్దు.

బయానా ఇచ్చే ముందు ఒక రాత్రి అడగండి. సాయంత్రం తలుపులు మూసి, తాళం తీసి, మైనస్ క్లాంపు విప్పి, పోస్టుకీ క్లాంపుకీ మధ్య మీటరు 10 ఆంపియర్ల గుంతలో పెట్టి కొలవండి. 0.05 ఆంపియరు లోపు ఉండాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది. తర్వాత క్లాంపు బిగించి, కట్-ఆఫ్ స్విచ్ ఉంటే ఆన్‌లోనే ఉంచి, బోనెట్ మీద ఒక కాగితం అతికించి సంతకం పెట్టి రండి. తెల్లారి కాగితం చిరగకుండా ఉండి, 12.4కి పైన చూపిస్తూ, ఒక్క సెల్ఫ్‌కే లేస్తే అప్పుడు ధర మాట్లాడుకోవచ్చు. రాత్రి ఆగడానికి ఒప్పుకోని ఆసామి దగ్గర బయానా పెట్టకండి.