కిట్టా, అట్టముక్కలా? బడి ప్రాజెక్టుకు ఏది మేలు?

డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టులు మొదలవుతాయనగానే ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ అడిగే ప్రశ్న ఒకటే: పిల్లల చేతికి రోబోటిక్స్ కిట్ ఇవ్వాలా, అట్ట, కత్తెర, జిగురు ఇవ్వాలా? రెండింటితోనూ నేర్చుకోవచ్చు. నేను మాత్రం ముందుగా ఒక్క విషయం చూస్తాను. చేసినది పని చేయకపోతే, రెండో నమూనా ఎంత త్వరగా తయారవుతుంది?

అట్టతో చేసే క్యామ్ బొమ్మనే తీసుకోండి. పెట్టెలో ఒక ఇరుసు, దానికి నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిపి బిగించిన అట్ట బిళ్ళ (ఇదే క్యామ్), ఆ బిళ్ళ మీద ఆనుకుని నిలిచే పుల్ల, పుల్ల కొసన పిట్ట. ఇరుసు తిప్పితే పిట్ట పైకీ కిందికీ ఆడాలి. మొదటిసారి సాధారణంగా ఆడదు. పుల్ల ఒరిగి రంధ్రంలో ఇరుక్కుంటుంది. అసలు చదువు అక్కడే మొదలవుతుంది. రంధ్రం పెద్దది చేస్తే పుల్ల ఇంకా ఊగుతుంది. రంధ్రంలో స్ట్రా ముక్క అతికించి, అందులోంచి పుల్లను పోనిస్తే నిటారుగా కదులుతుంది. పిట్ట మరీ తేలికైతే పైకి లేచి అక్కడే ఆగిపోతుంది, కాస్త బరువు కలపాలి. పుల్ల అడుగున గుండ్రని బిళ్ళ అతికించి, క్యామ్ దాని అంచు వైపు తగిలేలా జరిపితే పిట్ట లేస్తూ గుండ్రంగా తిరుగుతుంది కూడా! ఒక్కో మార్పుకు కొన్ని నిమిషాలు చాలు. పాడైనా పోయేది అట్టముక్కే కాబట్టి పిల్లలు ధైర్యంగా కోస్తారు.

కిట్లలో ఇలాంటి నిర్ణయాలు చాలావరకు తయారీదారులే తీసేసుకుని ఉంటారు. పుస్తకంలోని బొమ్మలు చూసి బిగిస్తే కారు నడుస్తుంది, అన్ని బల్లల మీదా అదే కారు. అయినా కిట్‌ను తోసిపుచ్చలేను. అట్టతో కోసిన పళ్ళ చక్రాలు జారతాయి, నలుగుతాయి. గేర్ల లెక్క తేలాలంటే కచ్చితమైన భాగాలు కావాలి. లెగోలోని 8 పళ్ళ చక్రంతో 40 పళ్ళ చక్రాన్ని తిప్పితే వేగం ఐదో వంతుకు తగ్గుతుంది. ఘర్షణకు పోయింది పోగా తిప్పే బలం ఐదు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. తిరిగే ఇరుసును వేళ్ళతో ఆపబోతే ఆ తేడా చేతికే తెలుస్తుంది. ఈ పాఠానికి కిట్టే మేలు.

ఎలక్ట్రానిక్స్‌కు వచ్చేసరికి మైక్రోబిట్ మంచిదా, ఆర్డుయినో మంచిదా అని అడుగుతారు. రెండూ కోడు రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డులే. ఇక్కడా నా కొలత మారదు. మైక్రోబిట్ బోర్డు మీదే 25 ఎల్‌ఈడీలు, బటన్లు, కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటాయి. బ్యాటరీ తప్ప బయటి భాగాలేవీ కలపకుండానే అడుగులు లెక్కపెట్టే పరికరం చేయవచ్చు, తప్పు వస్తే కోడులో వెతికితే చాలు. ఆర్డుయినో ఉనో, బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చి భాగాలను కలిపే పలక) పెట్టుకుంటే తప్పు కోడులోనూ ఉండవచ్చు, వదులైన వైరులోనూ ఉండవచ్చు. పెద్ద తరగతులవారికి ఆ వెతుకులాట కూడా మంచి శిక్షణే. పదకొండేళ్ళ పిల్లలను మాత్రం అది విసిగిస్తుంది. ఏ బోర్డు తీసుకున్నా మోటారును నేరుగా బోర్డు పిన్‌కు (వైరు తగిలించే చోటుకు) కలపనివ్వకండి. పిన్ ఇచ్చే కరెంటు దానికి చాలదు, బోర్డు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. మధ్యలో డ్రైవర్ (బోర్డు సంకేతాన్ని బట్టి మోటారుకు కరెంటు అందించే చిన్న సర్క్యూట్), మోటారుకు వేరే బ్యాటరీ పెట్టించండి.

త్రీడీ ప్రింటర్ చివరి భాగాలకు పనికొస్తుంది. యంత్రం ఒకటే ఉంటే తరగతంతా వరుసలో నిలబడాలి. కంప్యూటర్‌లోని సిమ్యులేటర్ సర్క్యూట్‌ను ముందే సరిచూసుకోవడానికి మంచిది, అంతవరకే.

బడిలో కిట్ ఉన్నా సరే, మొదటి నమూనా అట్టతోనే చేయించమంటాను. అది ఆడాక అదే పెట్టెలోకి మోటారూ మైక్రోబిట్టూ వస్తాయి. మార్కులు పూర్తయిన వస్తువుకే వేస్తే పిల్లలు పనిచేయని మొదటి నమూనాను దాచేస్తారు. దాన్ని పారేయనివ్వకుండా రెండోదాని పక్కనే పెట్టించండి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగి, ఆ జవాబుకూ మార్కులు కేటాయించండి.