గంటస్తంభం దగ్గర బేస్ గిటార్ కొన్నా, గిటార్ ఓకే, ఆంప్ మాత్రం...

విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో ఉన్న మ్యూజిక్ షాపులో సెకండ్ హ్యాండ్ బేస్ గిటారూ (కింది స్వరాలు పలికే గిటార్) చిన్న ఆంపూ (దాని సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) కలిపి 9,000కి తీసుకున్నా. గిటార్ బానే ఉంది, నెక్ వంగలేదు, నాలుగు తీగలూ కొత్తవే వేసిచ్చారు. ఆంప్‌తోనే గొడవ, లావు తీగ మీటితే చాలు స్పీకర్ గరగరమని ఒకటే ఏడుపు, అడిగితే "అలవాటైపోద్ది బాబూ" అన్నాడు. అలవాటేటండీ!

ఇంటికొచ్చి తిట్టుకుంటుంటే ఇంగ్లండ్ బేస్ గిటారిస్టు పీటర్ హుక్ గుర్తొచ్చాడు. 1976 జూన్‌లో మాంచెస్టర్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ షో చూసి, వాయించడం రాకపోయినా మర్నాడే 35 పౌండ్లు పెట్టి బేస్ కొనేశాడు, హుక్ వాళ్ల వార్సా బ్యాండే 1978లో పేరు మార్చుకుని జాయ్ డివిజన్ అయింది. ఆయన ఆంపూ డొక్కుదే, పక్కన గిటార్ హోరులో కింది నోట్లు వినబడక పై ఫ్రెట్లలో (వీణ మెట్లలాంటివి, అక్కడ స్వరం హెచ్చుగా పలుకుతుంది) వాయించేవాడు, ఆఖరికి అదే ఆయన స్టైలైపోయింది. సరే అని నేనూ పన్నెండో ఫ్రెట్ దాటి సన్న తీగ మీటా, గరగర లేదు! మా అమ్మ మాత్రం వీణేటిరా అది అనడిగింది.

గిటార్‌కి 4 స్టార్లు, ఆంప్‌కి 1. బిల్లు అడిగి మరీ తీసుకోండి, నాకు తెల్లకాగితమ్మీద రాసిచ్చాడు.