ద పాలిసర్సా, ద వే వుయ్ లివ్ నౌవా: ఏది మేలు?

పెళ్లీ రాజకీయమూ ముడిపడిన పాతకాలపు బ్రిటిష్ కథ చూడాలంటే ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలి? రెండూ 19వ శతాబ్దపు ఇంగ్లిష్ రచయిత ఆంథొనీ ట్రాలోప్ నవలల నుంచి బీబీసీ తీసిన టీవీ సీరియళ్లే. 1974 నాటి ‘ద పాలిసర్స్’ 26 ఎపిసోడ్లలో ఆరు నవలలు చెబుతుంది. 2001 నాటి ‘ద వే వుయ్ లివ్ నౌ’ ఒక్క నవల, 4 ఎపిసోడ్లు, సుమారు ఐదు గంటలు.

శని, ఆదివారాల్లో ముగించాలంటే రెండోదే. డేవిడ్ సూషే వేసిన మెల్మాట్ రైల్వే షేర్లతో లండన్‌ను ఊపేసి, వెస్ట్‌మిన్‌స్టర్ ఎంపీ కూడా అవుతాడు. అప్పులపాలైన దొరబిడ్డలు అతని కూతురు మేరీ కోసం ఎగబడతారు. ముందుజాగ్రత్తగా తండ్రి ఆమె పేర పెట్టిన డబ్బును కష్టకాలంలో వెనక్కి అడిగితే, సంతకం పెట్టనంటుంది. అక్కడ సీరియల్ అదిరిపోతుంది. కానీ ఇందులో పెళ్లంటే బేరమే, కాపురం కాదు. ఎన్నికలూ మెల్మాట్ ఎదుగుదలలో ఒక మెట్టు మాత్రమే.

పాలిసర్స్ అసలు కథ పెళ్లయ్యాకే. గ్లెన్‌కోరా (సూసన్ హాంప్‌షైర్) మనసు బర్గో అనే దుబారా మనిషి మీద. పెద్దలు ఆమెను డ్యూక్ వారసుడు ప్లాంటజెనెట్‌కు కట్టబెడతారు. కాపురం నిలుపుకోవడానికి అతను చేతికందిన ఆర్థికమంత్రి పదవి వదులుకుని భార్యను యూరప్ తీసుకెళ్తాడు.

తర్వాత ప్రధాని అవుతాడు. తమ పలుకుబడి నడిచే సిల్వర్‌బ్రిడ్జ్ ఊరి ఎన్నికలో ఇక కుటుంబం వేలు పెట్టకూడదని అతని నిర్ణయం. గ్లెన్‌కోరా మాత్రం చాటుగా లోపెజ్ అనే అభ్యర్థిని ఎగదోస్తుంది. ఓడిపోయిన లోపెజ్ 500 పౌండ్ల ఖర్చు ఇమ్మంటాడు. అప్పటికే డ్యూక్ అయిన ప్లాంటజెనెట్ గుట్టుగా కట్టేస్తాడు. పత్రికకెక్కుతుంది, పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో నిలదీస్తారు. తాను ప్రభువుల సభ మనిషి కాబట్టి అక్కడికెళ్లి జవాబివ్వలేడు. తప్పు భార్యదని చెప్పడానికి నోరు రాదు. చివరికి కామన్స్‌లో సభ్యుడైన ఫినియస్ ఫిన్ లేచి కాపాడతాడు. భార్యాభర్తల మాట పట్టింపు ప్రభుత్వం దాకా ఎలా పాకుతుందో ఇంత వివరంగా రెండోదాంట్లో దొరకదు. నా ఓటు దీనికే.

ఇబ్బందులూ లేకపోలేదు. నడక నిదానం, గదుల సీన్లు స్టూడియో సెట్లని తెలిసిపోతాయి. లిజీ యూస్టేస్ అనే వితంతువు వజ్రాల హారం గొడవ సాగుతూనే ఉంటుంది. దశాంశ నాణేల (డబ్బును పదులు, వందల్లో లెక్కించే పద్ధతి) మీద ప్లాంటజెనెట్ పిచ్చి ఇప్పుడు విసుగు పుట్టించవచ్చు. బ్రిటన్ వాటికి మారింది 1971లోనే కాబట్టి అప్పటి ప్రేక్షకులకు అది బాగా నవ్వొచ్చి ఉంటుంది.

ఎక్కువమంది తికమకపడేది పేర్ల దగ్గర. పెదనాన్న పోయాక ప్లాంటజెనెటే ‘డ్యూక్ ఆఫ్ ఆమ్నియమ్’. సిల్వర్‌బ్రిడ్జ్ ఊరి పేరూ, అతని పెద్దకొడుకు బిరుదూ. ఫినియస్ స్నేహితురాలు లారా స్టాండిష్, పెళ్లయ్యాక వచ్చే లేడీ లారా కెనెడీ ఒక్కరే. ఈ మూడూ కాగితం మీద రాసుకుని కూర్చోండి. బర్గో వ్యవహారం తేలేదాకా చూసీ నచ్చకపోతే, అప్పుడు రెండోదానికి మారండి.